మెరుపును బట్టి కణాన్ని గుర్తించడం: సింటిలేటర్ పదార్థం, పల్స్ విశ్లేషణ పద్ధతి ఎంచుకునేవారికి

సింటిలేటర్‌లో ఒక కణం శక్తిని విడిచిపెట్టినప్పుడు కొన్ని వందలో వేలో ఫోటాన్ల చిన్న మెరుపు పుడుతుంది. ఆ మెరుపు పరిమాణాన్ని కొలిస్తే విడుదలైన శక్తి అంచనాకు అందుతుంది గాని, దాన్ని పుట్టించినది గామా కిరణం తట్టిలేపిన ఎలక్ట్రానో, న్యూట్రాన్ తాకిడికి ఎగిరిన ప్రోటానో, బయటి నుంచి వచ్చి దూరిన ఆల్ఫా కణమో పరిమాణాన్ని బట్టి చెప్పలేము. ఆ సంగతి మెరుపు చల్లారే తీరులో దాగి ఉంటుంది. కొన్ని పదార్థాలలో ఎలక్ట్రాన్ వెలిగించిన వెలుగు ఒక వేగంతోనూ, బరువైన కణం వెలిగించిన వెలుగు మరొక వేగంతోనూ తగ్గుతాయి. మెరుపు విద్యుత్ సంకేతంగా మారితే దాన్ని పల్స్ అంటారు; ఆ తేడాను పట్టుకుని కణాలను విడదీయడాన్ని పల్స్ ఆకార విచక్షణ అంటారు. ప్రయోగశాలల్లో అందరి నోటా వినిపించే పేరు పి.ఎస్.డి.

ఇటువంటి డిటెక్టర్ కొనబోయేవారు, లేదా సొంతంగా కట్టుకోబోయేవారు, మొదట అడిగే ప్రశ్న ఎక్కువగా పద్ధతి గురించే ఉంటుంది: చార్జ్ పోలిక మేలా, జీరో క్రాసింగ్ మేలా, న్యూరల్ నెట్‌వర్క్ పెట్టాలా అని. నా అనుభవంలో అది చివరగా రావలసిన ప్రశ్న. ఏ కణాన్ని ఏ కణం నుంచి వేరుచేయాలి, ఎంత తక్కువ శక్తి దాకా వేరుచేయాలి, అక్కరలేని కణాలు అక్కరైనవాటికన్నా ఎన్ని రెట్లు ఎక్కువగా వస్తాయి, సెకనుకు ఎన్ని పల్సులు వస్తాయి అనే నాలుగింటికి జవాబులు కాగితం మీద రాసుకుంటే, పదార్థం ఏదో దాదాపుగా తేలిపోతుంది. పదార్థం తేలాక వెలుగును పోగుచేసుకునే ఏర్పాటు ముఖ్యమవుతుంది. ఆ రెండూ సరిగా కుదిరిన చోట విశ్లేషణ పద్ధతుల మధ్య మిగిలే తేడా చిన్నది, కుదరని చోట ఏ పద్ధతీ ఆదుకోలేదు.

తేడా ఎక్కడి నుంచి వస్తుంది

స్టిల్బీన్, ఆంథ్రసీన్ వంటి సేంద్రియ స్ఫటికాలలోనూ, జైలీన్ వంటి ద్రావకాలతో చేసిన ద్రవాలలోనూ ఉత్తేజం పొందిన అణువులు రెండు రకాల స్థితుల్లోకి వెళతాయి. సింగ్లెట్ స్థితిలో ఉన్నవి కొద్ది నానోసెకన్లలోనే వెలుగు విడిచిపెట్టి మామూలు స్థితికి వచ్చేస్తాయి. ట్రిప్లెట్ స్థితిలో ఉన్నవి నేరుగా వెలుగు ఇవ్వలేవు. అవి పదార్థంలో మెల్లగా పాకుతూ పోయి, రెండు ట్రిప్లెట్లు కలిసినప్పుడు వాటి శక్తితో ఒక సింగ్లెట్ తయారై, అప్పుడు ఆలస్యంగా వెలుగుతుంది. ఎలక్ట్రాన్ పలుచగా అయనీకరణం చేస్తూ దూరం పోతుంది కనుక దాని దారిలో ట్రిప్లెట్లు ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. ప్రోటాన్ గాని ఆల్ఫా గాని కొద్ది దూరంలోనే తన శక్తినంతా కుమ్మరిస్తుంది కనుక అక్కడ అవి ఒత్తుగా ఉండి తరచుగా కలుస్తాయి. పైగా అదే ఒత్తుదనం సింగ్లెట్లలో చాలా భాగాన్ని వెలగకముందే ఆర్పేస్తుంది. ఫలితంగా బరువైన కణం ఇచ్చే మొత్తం వెలుగు తక్కువ, అందులో ఆలస్యంగా వచ్చే వాటా ఎక్కువ. ఈ తేడాను ఆధారం చేసుకుని న్యూట్రాన్లనూ గామాలనూ విడదీసే పరికరాన్ని ఎఫ్. డి. బ్రూక్స్ 1959లో వివరించాడు; నేటికీ మనం చేస్తున్నది ప్రాథమికంగా ఆ పనే.

దీన్ని ఒకసారి కళ్ళారా చూడటం మంచిది. ద్రవ సింటిలేటర్ ముందు న్యూట్రాన్లను వెదజల్లే మూలం పెట్టి, ఒకే ఎత్తున్న రెండు పల్సులను, ఒకటి గామాది, ఒకటి న్యూట్రాన్‌ది, ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే మామూలు స్కేలులో అవి కవలల్లా కనిపిస్తాయి. ఎక్కే అంచు ఒకటే, శిఖరం ఒకటే, మొదటి 20 నానోసెకన్ల దిగుడూ దాదాపు ఒకటే. నిలువు అక్షాన్ని లాగరిథమ్ స్కేలుకు మార్చగానే 30 నానోసెకన్ల తరువాత న్యూట్రాన్ గీత గామా గీతకు పైన నిలబడి, వందల నానోసెకన్ల దాకా అలాగే సాగిపోవడం కనిపిస్తుంది. ఎంచుకోబోయే ప్రతి వస్తువునూ, వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చే ఫొటోమల్టిప్లయర్ నుంచి, ఆ సంకేతాన్ని క్షణక్షణానికీ కొలిచి అంకెలుగా (నమూనాలుగా) మార్చే డిజిటైజర్ దాకా, ఆ సన్నని తోకను పాడుచేయకుండా కాపాడగలదా లేదా అన్న చూపుతోనే చూడాలి.

అకర్బన స్ఫటికాలలో యంత్రాంగం వేరు, కొన్నిట్లో దిశ కూడా తలకిందులు. థాలియం కలిపిన సీజియం అయొడైడ్‌లో ఆల్ఫా పల్స్ గామా పల్స్ కన్నా త్వరగా తగ్గుతుంది. సేంద్రియ ద్రవానికి రాసిన ప్రోగ్రామును యథాతథంగా దానికి తగిలిస్తే పేర్లు తారుమారవుతాయి. బేరియం ఫ్లోరైడ్‌లో ఒక నానోసెకను కన్నా తక్కువ కాలంలో వచ్చే అతివేగపు వెలుగు ఒకటి, 600 నానోసెకన్ల పైబడిన నెమ్మది వెలుగు ఒకటి ఉంటాయి, ఆల్ఫాకు ఆ వేగపు భాగం బాగా తగ్గిపోతుంది. ఏ పదార్థంలో తోక ఎవరిదో ముందే తెలుసుకుని ఉండాలి.

వేగ న్యూట్రాన్లను గామాల నుంచి విడదీయాలంటే

ఎక్కువమందికి కావలసినది ఇదే, ఎంపికలు కూడా ఇక్కడే ఎక్కువ. బరిలో ఉన్నవి మూడు: ద్రవం, స్టిల్బీన్ స్ఫటికం, పి.ఎస్.డి. ప్లాస్టిక్.

ద్రవాల్లో చాలాకాలం ప్రమాణంగా నిలిచినది జైలీన్ ఆధారిత ఎన్ఈ-213, నేడు ఈజే-301, బీసీ-501ఏ పేర్లతో దొరికే రకం. విచక్షణలో దీనికి వంక పెట్టలేము. కాని దాని జ్వలన స్థానం సుమారు 26 డిగ్రీల సెల్సియస్, అంటే వెచ్చని గదిలో దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకోగలదు. ఆవిరి విషపూరితం కూడా. ఈజే-309 అనే మరో ద్రవం జ్వలన స్థానం 144 డిగ్రీలు. దాని విచక్షణ ఈజే-301 కన్నా కొద్దిగా తక్కువే అయినా, ఎక్కడికైనా మోసుకెళ్ళవలసిన పరికరానికి, మనుషులు తిరిగే గదిలో ద్రవం నింపిన సెల్‌లు పదులకొద్దీ నిలపవలసిన ఏర్పాటుకు నేను సంకోచం లేకుండా 309నే సూచిస్తాను. ఆ కొద్దిపాటి నష్టాన్ని మంచి వెలుగు సేకరణతో పూడ్చుకోవచ్చు. అగ్ని ప్రమాదాన్ని దేనితోనూ పూడ్చలేము.

ద్రవానికి ఉన్న అసలు శత్రువు గాలి. ద్రవంలో కరిగిన ఆక్సిజన్ ట్రిప్లెట్లను అవి కలుసుకునే లోపే ఆర్పేస్తుంది, తోక మాయమవుతుంది. నేను వాడిన ఒక సెల్ కొన్ని నెలల పాటు చక్కగా పనిచేసింది; తరువాత, పల్స్ పరిమాణానికి ఎదురుగా తోక వాటాను గీస్తే గామాలకూ న్యూట్రాన్లకూ విడివిడిగా కనిపించే రెండు పట్టీలు ఒకదానిలోకి ఒకటి జారిపోవడం మొదలైంది. హై వోల్టేజ్ మార్చాను, కేబుళ్ళు మార్చాను, తోకను లెక్కగట్టే కాల గవాక్షాలు మళ్ళీ మళ్ళీ సవరించాను, రెండు వారాలు పోయాయి. చివరికి పాత, కొత్త రికార్డులను పక్కపక్కన పెట్టి చూస్తే సీజియం-137 కాంప్టన్ అంచు, అంటే దాని గామా ఒక తాకిడిలో ఎలక్ట్రాన్‌కు ఇవ్వగల గరిష్ఠ శక్తి గుర్తు, కొద్దిగా మాత్రమే దిగి ఉంది, సగటు పల్స్ తోక మాత్రం గామాకూ న్యూట్రాన్‌కూ రెండింటికీ కుంచించుకుపోయి ఉంది. మూత దగ్గరి రబ్బరు వలయం గాలిని లోపలికి వదులుతోంది. వలయం మార్చి, సన్నని గొట్టంతో ద్రవంలోకి నైట్రోజన్‌ను మెల్లగా బుడగలుగా పంపిన తరువాత పట్టీలు మళ్ళీ విడిపోయాయి. అప్పటి నుంచి కొత్త సెల్ చేతికి వచ్చిన రోజే సగటు గామా పల్స్ ఆకారాన్ని భద్రపరచుకోవడం నాకు అలవాటైంది. ద్రవం ఎంచుకునే ప్రతివారూ ఈ పని చేయాలని గట్టిగా చెబుతాను. వేడికి ద్రవం వ్యాకోచించడానికి సెల్‌లో కొద్దిపాటి ఖాళీ వదులుతారు. ఆ బుడగ వచ్చి ఫొటోమల్టిప్లయర్ కిటికీ ముందు నిలబడితే వెలుగు తగ్గుతుంది కనుక, పరికరాన్ని ఏ కోణంలోనైనా తిప్పవలసి వచ్చేవారు ఆ సంగతి తయారీదారుకు ముందే చెప్పాలి.

స్టిల్బీన్ విచక్షణలో మూడింటిలోకీ మిన్న, ముఖ్యంగా తక్కువ శక్తుల దగ్గర. కారే భయం లేదు, గాలి భయం లేదు. ద్రావణం నుంచి పెంచే పద్ధతి వచ్చాక పెద్ద స్ఫటికాలు కూడా దొరుకుతున్నాయి గాని, ధర ద్రవం కన్నా చాలా ఎక్కువ. పెళుసుదనం మరో ఇబ్బంది: ఉష్ణోగ్రత హఠాత్తుగా మారితే వెంట్రుకవాసి పగుళ్ళు పడతాయి. చాలామంది మరిచిపోయే విషయం ఇంకొకటి ఉంది. ప్రోటాన్ స్ఫటిక అక్షానికి ఏ దిశలో ఎగిరిందన్న దాన్ని బట్టి వెలుగు పరిమాణమూ ఆకారమూ కూడా మారతాయి. న్యూట్రాన్లను లెక్కపెట్టడం వరకే పని అయితే దీన్ని పట్టించుకోనక్కరలేదు. వెలుగు వర్ణపటం నుంచి న్యూట్రాన్ శక్తిని వెనక్కి లెక్కగట్టదలిస్తే మాత్రం స్ఫటికం ఏ దిశలో కూర్చుందో నమోదు చేసుకోవాలి, ఆ దిశకే క్రమాంకనం చేయాలి.

మామూలు ప్లాస్టిక్ సింటిలేటర్లు, ఉదాహరణకు సుమారు 2 నానోసెకన్లలో చల్లారే ఈజే-200, ఈ పనికి పనికిరావు. వాటిలో ట్రిప్లెట్లు ఒకదాన్నొకటి చేరుకోలేవు. 2012లో లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు పాలీవినైల్‌టొలుయిన్‌లో పీపీఓ అనే వెలుగునిచ్చే రంజకాన్ని మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కలిపి, ప్లాస్టిక్‌లో కూడా చక్కని విచక్షణ సాధ్యమని చూపారు. ఈజే-299-33, దాని తరువాత వచ్చిన ఈజే-276 ఆ దారిలోవే. కారదు, పగలదు, కావలసిన ఆకారంలో కోసుకోవచ్చు. అయితే ఈజే-276 వెలుగు సుమారు ఎం.ఇ.వి.కి 8,600 ఫోటాన్లు, ఈజే-309ది సుమారు 12,300. ఇక్కడా ముందుముందూ ఎం.ఇ.వి. అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు, కె.ఇ.వి. అంటే వెయ్యి. ప్లాస్టిక్ ముక్క పొడవు పెరిగేకొద్దీ తన వెలుగును తానే మింగడం వల్ల విచక్షణ ఇంకా తగ్గుతుంది. అంగుళం రెండంగుళాల ముక్కకు చూపిన ఫలితాన్ని నమ్మి అరమీటరు కడ్డీ కొనడం పొరపాటు. చిన్న ముక్కలు ఎక్కువ సంఖ్యలో కావలసిన చోట, చేతిలో పట్టుకుని తిరిగే పరికరాల్లో, ద్రవానికి అనుమతి దొరకని చోట ప్లాస్టిక్ సరైన ఎంపిక. మిగతా చోట్ల ద్రవమే నా మొదటి సలహా.

మూడింటికీ వర్తించే ఒక హెచ్చరిక: వీటిలో ప్రోటాన్ వెలుగు ఎలక్ట్రాన్ వెలుగు కన్నా చాలా తక్కువ. 1 ఎం.ఇ.వి. ప్రోటాన్ ఇచ్చే వెలుగు సుమారుగా 0.16 ఎం.ఇ.వి. ఎలక్ట్రాన్ వెలుగుకు సమానం. ఎవరైనా తమ డిటెక్టర్ 100 కె.ఇ.వి. నుంచి విడదీస్తుందని చెబితే, అది ఎలక్ట్రాన్ సమాన శక్తి అయితే న్యూట్రాన్ వైపు నుంచి అది దాదాపు ముప్పావు ఎం.ఇ.వి. అని అర్థం. ఆ మాట అడగకుండా రెండు పట్టికలను పోల్చకూడదు.

నెమ్మది న్యూట్రాన్లు, ఆల్ఫా, బీటా, బరువైన అయాన్లు

నెమ్మదించిన న్యూట్రాన్లు ప్రోటాన్‌ను కదిలించలేవు, వాటిని పట్టి మింగే కేంద్రకం కావాలి. లిథియం-6 న్యూట్రాన్‌ను మింగి, ఆల్ఫాగానూ ట్రైటాన్‌గానూ (హైడ్రోజన్-3 కేంద్రకం) విడిపోయి 4.78 ఎం.ఇ.వి. శక్తిని విడుదల చేస్తుంది. సీజియం, లిథియం, ఇట్రియం, క్లోరిన్ కలిసిన స్ఫటికం, క్లిక్ అనే పేరుతో పిలిచేది, ఈ వర్గంలో ప్రత్యేకమైనది. దానిలో గామా వల్ల మాత్రమే పుట్టే, నానోసెకను స్థాయి అతివేగపు వెలుగు ఒకటుంది. న్యూట్రాన్ పట్టివేతలో అది పుట్టదు. పైగా న్యూట్రాన్ శిఖరం ఎలక్ట్రాన్ సమానంగా సుమారు 3.2 ఎం.ఇ.వి. దగ్గర కూర్చుంటుంది కనుక మామూలు గామాల్లో చాలావాటికి అది అందనంత ఎత్తు. గామా వర్ణపటాన్ని కూడా సోడియం అయొడైడ్ కన్నా మెరుగైన స్పష్టతతో ఇస్తుంది. ఒకే పరికరంతో రెండు పనులూ కావలసినవారికి దీన్ని మించినది సులువుగా దొరకదు. తేమను పీలుస్తుంది కనుక మూసిన పెట్టెలోనే వస్తుంది. పల్స్ మైక్రోసెకన్ల పాటు సాగుతుంది కనుక పల్సులు ముసురుకొచ్చే చోట కష్టపడుతుంది. లెక్కపెట్టడం ఒక్కటే చాలనుకుంటే, పెద్ద విస్తీర్ణానికి లిథియం ఫ్లోరైడ్, వెండి కలిపిన జింక్ సల్ఫైడ్ పొడులను కలిపి పరిచిన పలుచని తెర చవక, దాని గామా నిరాకరణ కూడా చాలా బాగుంటుంది. అది తన వెలుగునే అడ్డగించే పదార్థం కావడం వల్ల మందం పెంచి సామర్థ్యం పెంచుకునే వీలు లేదు. లిథియం గాజు వేగంగా పనిచేస్తుంది, కాని దానిలో వేరుచేయడం ఎక్కువగా పల్స్ ఎత్తు మీదే ఆధారపడుతుంది, ఆకారం మీద నమ్మకం పెట్టుకోకూడదు.

నీటి నమూనాల్లోనూ, వడపోత కాగితాల మీదా ఆల్ఫా, బీటాలను కలిపి కొలిచేవారు నమూనాను నేరుగా ద్రవ సింటిలేటర్ మిశ్రమంలో కలుపుతారు. 5 ఎం.ఇ.వి. ఆల్ఫా వెలుగు అణచివేతకు గురై ఎలక్ట్రాన్ సమానంగా దాదాపు పదో వంతుకు దిగిపోయి, సరిగ్గా బీటాల మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది కనుక ఇక్కడ ఆకారమే దిక్కు. పరికరం కన్నా మిశ్రమం ఎంపిక ఎక్కువ ప్రభావం చూపుతుంది. డైఐసోప్రొపైల్‌నాఫ్తలీన్ ఆధారిత మిశ్రమాలు బాగా విడదీస్తాయి. నీటి పాలు, ఆమ్లం, రంగు మారితే పల్స్ ఆకారం మారుతుంది. అందువల్ల ఒక శుద్ధ ఆల్ఫా ప్రమాణాన్నీ, ఒక శుద్ధ బీటా ప్రమాణాన్నీ, ఉదాహరణకు అమెరీషియం-241, స్ట్రాన్షియం-90లను, నమూనాలో ఉన్నంత అణచివేత ఉండేలా తయారుచేసి, ఆల్ఫాలో ఎంత శాతం బీటాగా, బీటాలో ఎంత శాతం ఆల్ఫాగా తప్పుదారి పడుతోందో గీసి, రెండు గీతలూ కలిసే చోట సరిహద్దు పెట్టాలి. శుద్ధమైన నీటితో ఒకసారి పెట్టిన సరిహద్దును ఏడాది పొడవునా అన్ని నమూనాలకూ వాడటం ఈ రంగంలో అతి సాధారణంగా జరిగే తప్పు. బల్లల మీదా, చేతుల మీదా అంటుకున్న కాలుష్యాన్ని చూడటానికి అంత శ్రమ అక్కరలేదు; ప్లాస్టిక్ పలక మీద పలుచగా జింక్ సల్ఫైడ్ పూసిన జంట డిటెక్టర్ చాలు, ఆల్ఫా పై పొరలోనే ఆగి సుమారు 200 నానోసెకన్ల వెలుగు ఇస్తే, బీటా దాన్ని దాటి ప్లాస్టిక్‌లో కొద్ది నానోసెకన్ల వెలుగు ఇస్తుంది. ఇటువంటి జంటను ఫోస్విచ్ అంటారు. పదార్థం తనంతట తాను ఇవ్వని తేడాను రెండు పదార్థాలతో మనమే కల్పించుకోవడం దీనిలోని ఉపాయం.

కేంద్రక చర్యల ప్రయోగాల్లో ప్రోటాన్, డ్యూటెరాన్ (హైడ్రోజన్-2 కేంద్రకం), ట్రైటాన్, ఆల్ఫాలను విడివిడిగా గుర్తించవలసి వస్తే థాలియం కలిపిన సీజియం అయొడైడ్‌కు సాటి లేదు. ఫ్రాన్స్‌లోని ఇంద్రా, ఇటలీలోని కిమేరా అనే పెద్ద డిటెక్టర్ సమూహాలు రెండూ దాన్నే వాడాయి. ద్రవ ఆర్గాన్ సంగతి క్లుప్తంగా చెబుతాను: దానిలో వేగపు భాగం సుమారు 7 నానోసెకన్లు, నెమ్మది భాగం సుమారు 1.6 మైక్రోసెకన్లు, రెండింటి మధ్య ఎడం చాలా ఎక్కువ. కృష్ణ పదార్థం కోసం వెతికే డీప్-3600 వంటి ప్రయోగాలు దీని మీదే ఆధారపడ్డాయి. ద్రవ జినాన్‌లో ఆ రెండు కాలాలూ దగ్గరదగ్గరగా ఉండటం వల్ల అక్కడ ఆకారం కన్నా వెలుగుకూ చార్జ్‌కూ ఉండే నిష్పత్తే ఎక్కువగా పనికివస్తుంది.

యోగ్యతా సూచికను ఎలా చదవాలి

రెండు పట్టీల మధ్య దూరాన్ని, సగం ఎత్తు దగ్గర వాటి వెడల్పుల మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్యను యోగ్యతా సూచిక అంటారు. 1.27 దాటితే విచక్షణ బాగున్నట్టు లెక్క, ఎందుకంటే రెండు పట్టీలూ గాసియన్ (గంట వంటి) ఆకారంలో ఉంటే అది ఇరువైపులా మూడేసి ప్రామాణిక విచలనాల ఎడానికి సమానం. ఏ శక్తి పరిమితి దగ్గర కొలిచారో చెప్పని సూచికకు విలువ లేదు. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూపుతాను. ఎం.ఇ.వి.కి 12,000 ఫోటాన్లు ఇచ్చే ద్రవంలో 100 కె.ఇ.వి. పల్స్ అంటే 1,200 ఫోటాన్లు. అందులో సగం ఫొటోమల్టిప్లయర్‌ను చేరి, చేరినవాటిలో నాలుగో వంతు ఎలక్ట్రాన్లుగా మారాయనుకుంటే చేతికి వచ్చేవి 150. గామా తోక వాటా పదో వంతు, న్యూట్రాన్ తోక వాటా ఐదో వంతు అనుకుందాం: 15 ఎలక్ట్రాన్లకూ 30 ఎలక్ట్రాన్లకూ మధ్య తేడా కనిపెట్టాలి, వాటి సహజ ఊగిసలాటే సుమారు 4, 5.5 ఉంటుంది. సూచిక 0.7 లోపే వస్తుంది. అదే 400 కె.ఇ.వి. దగ్గర అన్నీ నాలుగింతలై సూచిక రెట్టింపై 1.36కు చేరుతుంది. పదార్థమూ అదే, పద్ధతీ అదే, మారినది వెలుగు ఒక్కటే. అందువల్లే మంచి పరావర్తకం చుట్టడానికీ, సెల్ ముఖానికి సరిపోయే వ్యాసమున్న ఫొటోమల్టిప్లయర్ కొనడానికీ, సంధి దగ్గర గాలి పొర లేకుండా ఆప్టికల్ గ్రీజు పూయడానికీ పెట్టిన శ్రమ ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

1.27 దగ్గర కూడా నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. మూడు విచలనాల అవతలికి ఒకవైపున జారేవి సుమారు 740 గామాలకు ఒకటి. న్యూట్రాన్‌కు పది గామాలు వచ్చే చోట అది లెక్కలోకి రాదు. న్యూట్రాన్‌కు వెయ్యి గామాలు వచ్చే చోట మీరు న్యూట్రాన్లని పేరు పెట్టినవాటిలో సగానికి పైగా గామాలే ఉంటాయి. మొదట్లో అడిగిన మూడో ప్రశ్న ఇందుకోసమే.

నాలుగో ప్రశ్న, పల్సుల వేగం, ఇంతకన్నా కఠినం. మొదటి పల్స్ తోక మీద రెండో గామా వచ్చి పడితే తోక పెరిగినట్టే కనిపిస్తుంది, అది న్యూట్రాన్‌గా నమోదవుతుంది. 300 నానోసెకన్ల గవాక్షంతో సెకనుకు 1,00,000 పల్సులు వస్తే దాదాపు నూటికి మూడు పల్సులు ఇలా కలుస్తాయి. పైన చెప్పిన 740కి ఒకటితో పోలిస్తే ఇది ఇరవై రెట్ల పైమాట. కొన్ని మైక్రోసెకన్ల గవాక్షం కోరే సీజియం అయొడైడ్‌లో సెకనుకు 10,000 పల్సులకే ఈ బెడద మొదలవుతుంది. అధిక వేగం ఉన్న చోట ఒక పెద్ద డిటెక్టర్ బదులు నాలుగు చిన్నవి పెట్టడం, కలిసిన పల్సులను గుర్తించి పారవేసే ప్రోగ్రాము రాయడం తప్పనిసరి.

పద్ధతి, సెన్సర్, డిజిటైజర్

పద్ధతుల దగ్గరికి వస్తే, చార్జ్ పోలికతో మొదలుపెట్టమని చెబుతాను. పల్స్ మొత్తాన్ని ఒక పొడవైన గవాక్షంలో, తోకను మాత్రం మరో గవాక్షంలో కలిపి, నిష్పత్తి తీయడమే ఇది. ఈజే-309కు తోక సుమారు 20 నుంచి 40 నానోసెకన్ల దగ్గర మొదలయ్యేలా, పొడవైనది 200 నుంచి 300 నానోసెకన్ల దాకా సాగేలా పెట్టుకుని, ఆ అంకెలను అటూ ఇటూ జరుపుతూ తక్కువ శక్తి ముక్కలో సూచిక గరిష్ఠంగా వచ్చే చోటు వెతకాలి. ఆధార రేఖను, అంటే పల్స్ లేనప్పటి సంకేత స్థాయిని, ప్రతి పల్స్‌కూ ముందున్న నమూనాల నుంచి విడిగా లెక్కించడం మరవకూడదు: సెకనుకు 50 కోట్ల నమూనాలు తీసే డిజిటైజర్‌లో 300 నానోసెకన్లంటే 150 నమూనాలు, ఆధార రేఖలో ఒక్క అంకె తప్పు జరిగితే మొత్తంలో 150 అంకెలు తేడా వస్తుంది, చిన్న పల్స్ తోకలో అది పెద్ద భాగమే.

పల్స్‌ను మలిచి, అది సున్నా గీతను దాటే క్షణాన్ని బట్టి ఆకారాన్ని కనిపెట్టే జీరో క్రాసింగ్ అనలాగ్ పరికరాలు వాడేవారికి ఇప్పటికీ మంచిదే, దాని మాడ్యూళ్ళు నమ్మకంగా పనిచేస్తాయి. 1960ల ఆరంభంలో గాట్టి, డి మార్టిని ప్రతిపాదించిన భారిత వడపోత, రెండు సగటు ఆకారాలనూ ముందే తెలుసుకుని ప్రతి నమూనాకూ తగిన బరువు ఇచ్చి కలుపుతుంది. తక్కువ వెలుగు దగ్గర చార్జ్ పోలిక కన్నా కొంత మెరుగ్గా ఉంటుంది. ఆల్ఫా, బీటాలను విడదీసే పెద్ద ద్రవ డిటెక్టర్లకు ఇది బాగా సరిపోతుంది. 2007లో వచ్చిన పల్స్ వాలు విశ్లేషణ శిఖరాన్నీ, నిర్ణీత కాలం తరువాతి ఒక్క బిందువునూ పోలుస్తుంది. లెక్క తేలిక కనుక పరికరం లోపలే అప్పటికప్పుడు తీర్పు చెప్పవలసిన చోట ఉపయోగం, కాని ఒక బిందువు మీద ఆధారపడటం వల్ల రొదకు త్వరగా లొంగుతుంది. న్యూరల్ నెట్‌వర్కులు కలిసిన పల్సులను గుర్తించడంలో నిజంగా ఉపయోగపడతాయి. వాటికి శిక్షణ ఇచ్చే పల్సులకు పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నది కీలకం. చార్జ్ పోలికతో పెట్టిన పేర్లనే నేర్పితే ఆ పద్ధతి చేసిన తప్పులనే నేర్చుకుని, కాగితం మీద మాత్రం గొప్పగా కనిపిస్తాయి.

సెన్సర్లలో కొత్తగా మొదలుపెట్టేవారికి ఫొటోమల్టిప్లయర్ ట్యూబే సురక్షితం. సిలికాన్ ఫొటోమల్టిప్లయర్ చిన్నది, తక్కువ వోల్టేజ్‌తో నడుస్తుంది, అయస్కాంత క్షేత్రానికి చలించదు. అయితే దాని చీకటి పల్సులు, ఆలస్యపు ప్రతిధ్వనులు, ప్రతి గడి తిరిగి నిండడానికి పట్టే కాలం అన్నీ తోకలోనే వచ్చి చేరతాయి, ఉష్ణోగ్రతతో దాని వర్ధనం మారుతుంది. పరికరం చిన్నదిగా ఉండటం తప్పనిసరైతే తప్ప దాని జోలికి వెళ్ళనక్కరలేదు. డిజిటైజర్‌లో ద్రవాలకు, ప్లాస్టిక్‌కు సెకనుకు 25 కోట్ల నమూనాలు, 12 బిట్లు కనీసం. 50 కోట్లు, 14 బిట్లు ఉంటే హాయి. రెండింటిలో ఒకటే పెంచుకోగలిగితే నేను బిట్లను పెంచుతాను, తోక శిఖరం కన్నా ఎంతో చిన్నది కనుక. 8 బిట్ల ఆసిలోస్కోపుతో తీసిన డేటా మీద తీర్మానాలకు రాకూడదు. సీజియం అయొడైడ్‌కు సెకనుకు 5 నుంచి 10 కోట్ల నమూనాలే చాలు.

ఏది ఎంచుకున్నా, పట్టీలకు మనం పెట్టిన పేర్లను ఆకారంతో సంబంధం లేని మరో సాక్ష్యంతో సరిచూడాలి. న్యూట్రాన్లనూ గామాలనూ ఒకేసారి వెదజల్లే కాలిఫోర్నియం-252 మూలం పక్కన గామాలను పట్టే చిన్న డిటెక్టర్ ఒకటి పెట్టి, మన డిటెక్టర్‌ను ఒక మీటరు దూరంలో ఉంచితే, అవి బయల్దేరిన క్షణం నుంచి గామా 3.3 నానోసెకన్లలోనూ, 1 ఎం.ఇ.వి. న్యూట్రాన్ సుమారు 72 నానోసెకన్లలోనూ చేరతాయి. ఆలస్యంగా చేరినవాటిలో ఎన్ని న్యూట్రాన్ పట్టీలో పడ్డాయో, ముందే చేరినవాటిలో ఎన్ని దారితప్పి అటు పోయాయో లెక్కపెడితే నిజమైన తప్పు శాతం దొరుకుతుంది. ఆ ఏర్పాటు లేనివారు కనీసం సీజియం-137, కోబాల్ట్-60 వంటి, న్యూట్రాన్లు ఇవ్వని మూలాలతో, అసలు పనిలో ఎదురయ్యే పల్సుల వేగం దగ్గరే కొన్ని గంటలు డేటా తీసి, న్యూట్రాన్ సరిహద్దు దాటిన గామాల సంఖ్యను శక్తి ముక్కలవారీగా రాసి ఉంచుకోవాలి. తయారీదారు పంపే పత్రంలో ఆ సంఖ్య ఉండదు, కొనేముందు అడిగి, తమ దగ్గరే కొలిచి చూపించమనడం కొనుగోలుదారు హక్కు.